ఒకే దీవికి నాలుగు స్పెల్లింగులు: తూర్పు ఆసియా పేర్ల చిక్కుముడి

1958 ఆగస్టు 23న చైనా తీరంలోని ఫిరంగులు ఎదురుగా, తైవాన్ చేతిలో ఉన్న ఒక చిన్న దీవి మీద గుండ్ల వాన కురిపించాయి. నాటి ఇంగ్లిష్ పత్రికల్లో ఆ దీవి పేరు క్యు-యు-ఇ-ఎమ్-ఓ-వై. 1960లో కెనెడీ, నిక్సన్ టీవీ చర్చల్లో వాదులాడుకున్నదీ ఈ 'కెమోయ్' గురించే. ఈ రోజు తైవాన్ విమానం టికెట్ కొంటే అదే దీవి కె-ఐ-ఎన్-ఎమ్-ఇ-ఎన్. బీజింగ్‌లో అచ్చయిన మ్యాపులో జె-ఐ-ఎన్-ఎమ్-ఇ-ఎన్. పాత గ్రంథాలయ కేటలాగులో సి-హెచ్-ఐ-ఎన్, మధ్యలో అడ్డగీత, తర్వాత ఎమ్-ఇ-ఎన్. నాలుగూ ఒకే దీవి, చైనా లిపిలో అవే రెండు అక్షరాలు, అర్థం 'బంగారు ద్వారం'. నాలుగింటిలో ఏదీ తప్పు కాదు.

తూర్పు ఆసియా పేర్లతో పని పడినవాళ్లు మొదట వదులుకోవాల్సిన ప్రశ్న 'ఏది సరైన స్పెల్లింగ్' అన్నదే. దానికి బదులు 'ఇది ఎవరు, ఏ యాస విని, ఏ పద్ధతిలో, ఏ కాలంలో రాసినది' అని అడిగితే చిక్కుముడి దానంతటదే వదులవుతుంది. మనకూ ఇది కొత్త కాదు. బ్రిటిష్ రికార్డుల్లో కాకినాడ కోసం వెతికేవారు 'కొకనాడా' అని వెతకాలి, మచిలీపట్నం కోసం 'మసూలిపటం' అని వెతకాలి. కడప ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను అధికారికంగా సవరించింది 2005లోనే. అంతకు ముందు కాగితాలన్నీ పాత రూపంలోనే ఉన్నాయి.

కెమోయ్ సంగతి ముందు తేల్చుకుందాం. ఆ దీవిలోనూ ఎదుటి తీరంలోనూ జనం మాట్లాడేది చైనా దక్షిణ తీరపు హొక్కియెన్ భాష, చైనా అధికార భాషైన ఉత్తరాది మాండరిన్ కాదు. హొక్కియెన్‌లోని ఒక యాసలో ఆ రెండు అక్షరాల పలుకుబడి సుమారుగా 'కిమ్-ముయ్'. పోర్చుగీసు, స్పానిష్ నావికులు దాన్ని విని తమ భాషల అలవాటు ప్రకారం క-కారానికి 'క్యు-యు' వాడి రాసుకున్నారు. పక్కనున్న షియామెన్ రేవుకు పాత పేరు 'అమోయ్'. కెమోయ్‌లోనూ అమోయ్‌లోనూ చివరనున్న 'మోయ్' ఒకటే మాట, ద్వారం. మాండరిన్‌లో అదే 'మెన్'.

ఇక 'కిన్‌మెన్'కూ 'జిన్‌మెన్'కూ తేడా ఎందుకు? చైనా తపాలా శాఖ కోసం 1906లో షాంఘైలో జరిగిన సమావేశం ఊళ్ల పేర్లకు రోమన్ రూపాలు ఖాయం చేసింది. ఆ తపాలా స్పెల్లింగులు చాలా చోట్ల పాత ఉచ్చారణను, దక్షిణాది ఉచ్చారణను నిలుపుకున్నాయి. పాత పలుకుబడిలో 'కి' ఉన్నచోట బీజింగ్ మాండరిన్‌లో అది 'చి'గా మారిపోయింది. తెలుగువారికి ఈ మార్పు చక్కగా తెలుసు. కన్నడంలో 'కివి' మన దగ్గర 'చెవి', కన్నడంలో 'కెయ్' మన దగ్గర 'చేయి'. ఇ-కార ఎ-కారాల ముందు క-కారం తాలవ్యమైపోవడం అంటే ఇదే. కిన్‌మెన్ జిన్‌మెన్ కావడమూ, తైవాన్ ఉత్తరపు రేవు 'కీలుంగ్' చైనా నేటి అధికారిక రోమన్ పద్ధతి పిన్‌యిన్‌లో 'జీలోంగ్' కావడమూ, పీకింగ్ బీజింగ్ కావడమూ ఈ ఒక్క సూత్రం కిందికే వస్తాయి. ఒక పాత పేరులో 'కి' కనబడి, కొత్త మ్యాపులో ఆ పేరే దొరక్కపోతే, 'జె-ఐ' పెట్టి చూడండి. చాలాసార్లు దొరుకుతుంది.

చైనా భాష పేర్లలో అసలు గందరగోళం హల్లులది. మాండరిన్‌లో క-గ, త-ద, ప-బ అన్న తేడా లేదు. అంటే మన వ్యాకరణం చెప్పే పరుషం, సరళం అన్న భేదం అక్కడ పనిచేయదు. పనిచేసేది అల్పప్రాణం, మహాప్రాణం అన్న భేదం: ప-ఫ, త-థ, క-ఖ, చ-ఛ. ఒత్తక్షరం లేని రోమన్ లిపికి ఇది పెద్ద ఇబ్బంది. థామస్ వేడ్ 1867లో మొదలుపెట్టి, హెర్బర్ట్ జైల్స్ 1892 నాటి నిఘంటువుతో స్థిరపరచిన వేడ్-జైల్స్ పద్ధతి దీనికొక పరిష్కారం చూపింది. అల్పప్రాణానికి ఉత్త 'పి', మహాప్రాణానికి 'పి' పక్కన అపాస్ట్రఫీ, అంటే అక్షరం పైభాగాన పెట్టే కామా లాంటి గుర్తు. చైనా 1958లో తెచ్చిన పిన్‌యిన్ ఇంకో దారి పట్టింది. అల్పప్రాణానికి 'బి', మహాప్రాణానికి 'పి'. తైవాన్ రాజధాని పేరు వేడ్-జైల్స్‌లో 'టి', అపాస్ట్రఫీ, 'ఎ-ఐ', అడ్డగీత, 'పి-ఇ-ఐ'. పిన్‌యిన్‌లో అదే 'టి-ఎ-ఐ-బి-ఇ-ఐ'. ఉచ్చారణ రెండింటికీ ఒకటే, మన లిపిలో 'థాయ్‌పెయ్'కి దగ్గర. పిన్‌యిన్‌లో 'బి' కనబడింది కదా అని 'తైబే' అని రాస్తే అది అక్షరాన్ని చదవడమే, పేరును పలకడం కాదు.

వేడ్-జైల్స్ పద్ధతి మంచిదే కానీ, దాని ప్రాణమంతా ఆ అపాస్ట్రఫీలో ఉంది. పత్రికలు, టైపురైటర్లు, మ్యాపులు దాన్ని తీసి పారేశాయి. తీసేస్తే ఏమవుతుందో చూడండి. 'సి-హెచ్' అన్న జంట పిన్‌యిన్‌లోని నాలుగు వేర్వేరు ధ్వనులకు ఉమ్మడి గుర్తయిపోతుంది: జెడ్-హెచ్, జె, సి-హెచ్, క్యు. 1955 ఫిబ్రవరిలో తైవాన్ సేనలు ఖాళీ చేసిన దీవులు నాటి ఇంగ్లిష్ రాతల్లో 'టి-ఎ-సి-హెచ్-ఇ-ఎన్'. అపాస్ట్రఫీ లేదు కాబట్టి చెన్ అనాలో, మహాప్రాణంతో ఛెన్ అనాలో స్పెల్లింగ్ చెప్పదు. అసలు అక్షరాలు చూస్తేనే అది ఛెన్ అని, పిన్‌యిన్‌లో 'డి-ఎ-సి-హెచ్-ఇ-ఎన్' అని తేలుతుంది.

తైవాన్‌లో ఇంకో పొర ఉంది. అక్కడి ప్రభుత్వం 2002లో తొంగ్‌యొంగ్ అనే పద్ధతిని స్వీకరించి, 2009 నుంచి పిన్‌యిన్‌కు మారింది. కానీ అన్నీ మారలేదు. కావ్‌షియుంగ్, కీలుంగ్, కిన్‌మెన్ వంటి బాగా తెలిసిన పేర్లను పాత రూపంలోనే ఉంచారు. 2011లో తమ్‌సుయి పట్టణం మాండరిన్ పలుకుబడిని వదిలి తన హొక్కియెన్ రూపానికి తిరిగి వచ్చింది. కావ్‌షియుంగ్ రేవు ముందున్న ఛీచిన్ దీవిది మరో కథ. ఆ నగరం ఇప్పటికీ దాన్ని తొంగ్‌యొంగ్‌లోనే 'సి-ఐ-జె-ఐ-ఎన్' అని రాస్తుంది, పిన్‌యిన్ ప్రకారమైతే మొదటి అక్షరం 'క్యు' కావాలి. ఒకే నగరం బోర్డుల మీద మూడు తరాల స్పెల్లింగులు పక్కపక్కనే కనబడడం అందుకే.

కావ్‌షియుంగ్ పేరైతే శబ్దం నుంచి అక్షరానికి, అక్షరం నుంచి మళ్లీ శబ్దానికి ప్రయాణం చేసింది. పాత పేరు 'తాకావ్'. హొక్కియెన్ పలుకుబడికి సరిపడేలా చైనా అక్షరాల్లో దాన్ని 'కుక్కను కొట్టు' అనే అర్థం వచ్చే రెండు గుర్తులతో రాసేవారు. 1920లో, అప్పట్లో తైవాన్‌ను ఏలుతున్న జపాన్ పాలకులు ఆ రాతను మార్చి, తమ భాషలో 'తకావో' అని చదివే, మంచి అర్థమున్న రెండు అక్షరాలు పెట్టారు. 1945 తర్వాత అవే అక్షరాలను మాండరిన్‌లో చదివేసరికి కావ్‌షియుంగ్ అయింది. ఇక్కడ స్పెల్లింగుల మధ్య పోలిక వెతికితే ఏమీ దొరకదు, చరిత్ర తెలిస్తేనే లంకె కుదురుతుంది.

కొరియా దగ్గరకు వస్తే లెక్క మారుతుంది. అక్కడి హంగుల్ లిపిలో క-గలకు ఒకే అక్షరం, చ-జలకు ఒకే అక్షరం. తమిళ లిపి తెలిసినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. పదం మొదట పరుషంగా పలుకుతుంది, రెండు అచ్చుల మధ్యకు వస్తే సరళంగా మారుతుంది. మనం 'అన్నదమ్ములు', 'తల్లిదండ్రులు' అనేటప్పుడు త-కారం ద-కారమైనట్టే, కాకపోతే వారికి రాతలో తేడా చూపే అవసరం లేదు. జెజు దీవి పేరులో రెండు అక్షరాలూ అదే హల్లుతో మొదలవుతాయి. 1939లో ప్రచురితమైన మెక్‌క్యూన్-రైషావర్ పద్ధతి విదేశీ చెవికి వినబడేదాన్ని రాసింది కాబట్టి 'సి-హెచ్-ఇ-జె-యు' అయింది: మొదటిది 'చ', రెండోది 'జ'. 2000 జులైలో దక్షిణ కొరియా తెచ్చిన సవరించిన పద్ధతి హంగుల్ అక్షరాన్ని అనుసరించింది కాబట్టి రెండుచోట్లా 'జె' వచ్చి 'జె-ఇ-జె-యు' అయింది. ఆ మార్పుతోనే పుసాన్ బుసాన్ అయింది, కోజె గోజె అయింది. ఊరివాళ్ల ఉచ్చారణ మాత్రం ఇసుమంత కూడా మారలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2000కు ముందుదైతే మెక్‌క్యూన్, తర్వాతదైతే కొత్త పద్ధతి అని చాలామంది తేదీని బట్టి తేల్చేస్తారు. అది నమ్మదగ్గ కొలత కాదు. 1959 నుంచి 1984 వరకు దక్షిణ కొరియా విద్యాశాఖ వాడిన పద్ధతిలో కూడా పదం మొదట గ, ద, బ, జలే ఉన్నాయి. 1984లో మెక్‌క్యూన్ వైపు వెళ్లి, 2000లో మళ్లీ వెనక్కి వచ్చారు. మరోపక్క అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొరియా పుస్తకాలకు ఈనాటికీ మెక్‌క్యూన్ పద్ధతినే వాడుతుంది. చైనా పుస్తకాలకు మాత్రం 2000 అక్టోబరు నుంచి పిన్‌యిన్. కాబట్టి నిన్నమొన్న సోల్ (సియోల్) నగరంలో అచ్చయిన జెజు పుస్తకం కూడా ఆ కేటలాగులో 'చెజు' కిందే దొరుకుతుంది. విమానాశ్రయాల కోడ్‌లూ పాత ముద్రనే మోస్తున్నాయి: జెజుది సి-జె-యు, బుసాన్‌ది పి-యు-ఎస్.

కొరియా అచ్చుల్లో రెండు మన లిపికీ రోమన్ లిపికీ అందవు. మెక్‌క్యూన్ వాటిని 'ఓ', 'యు'ల మీద నెలవంక గుర్తు పెట్టి చూపింది. కొత్త పద్ధతి 'ఇ-ఓ', 'ఇ-యు' అనే జంటలతో చూపుతుంది. నెలవంక ఊడిపోతే 'కోజె' పేరులోని అచ్చు మామూలు 'ఓ' అయిపోతుంది. కొరియా యుద్ధకాలపు యుద్ధఖైదీల శిబిరాల గురించి వెతికేవారికి ఆ దీవి నెలవంక లేని 'కె-ఓ-జె-ఇ'గానే దొరుకుతుంది. కొత్త స్పెల్లింగ్ 'జి-ఇ-ఓ-జె-ఇ' చూసి తెలుగులో 'జియోజె' అని రాయడం అంతకన్నా పెద్ద పొరపాటు. 'ఇ-ఓ' రెండు అచ్చులు కాదు, ఒకటే. మన 'ఒ'కు దగ్గరగా, పెదవులు గుండ్రం చేయకుండా పలికేది. 'గొజె' అన్నా 'కొజె' అన్నా సరిపోతుంది.

అపాస్ట్రఫీ బాధ కొరియాలోనూ ఉంది. జెజుకు ఉత్తరాన ఛుజా దీవులున్నాయి. ఆ పేరులో మొదటిది మహాప్రాణ ఛ-కారం, మెక్‌క్యూన్‌లో 'సి-హెచ్' తర్వాత అపాస్ట్రఫీ. అది పడిపోతే చెజు, ఛుజా రెండూ ఒకే హల్లుతో మొదలైనట్టు కనబడతాయి. కొత్త పద్ధతి వీటిని 'జె', 'సి-హెచ్' అని విడదీసింది. అపాస్ట్రఫీ మీద ఆధారపడని పద్ధతి కావడమే దాని బలమని నా అభిప్రాయం.

సంధి కూడా స్పెల్లింగ్‌ను మారుస్తుంది. పసుపు సముద్రంలో ఉత్తర కొరియా తీరానికి ఆనుకుని ఉన్న 'బెంగ్‌న్యొంగ్' దీవిని హంగుల్‌లో అక్షరాలుగా చూస్తే 'బెక్', 'ర్యొంగ్'. పలికేటప్పుడు క-కారం అనునాసికమై, ర-కారం న-కారమవుతుంది. వాక్కు, మయం కలిసి 'వాఙ్మయం' అయినట్టే. దక్షిణ కొరియా పద్ధతి పలికినదాన్ని రాస్తుంది, కొందరు మాత్రం అక్షరాలను విడివిడిగా రోమన్‌లోకి మార్చేస్తారు. అందుకే మధ్యలో 'ఎన్-జి-ఎన్' ఉన్న రూపమూ, 'కె-ఆర్' ఉన్న రూపమూ రెండూ కనబడతాయి.

జపాన్ పేర్లలో గొడవ కొంత తక్కువ. జేమ్స్ హెప్‌బర్న్ నిఘంటువు పేరుమీద నడిచే పద్ధతి ఇంగ్లిష్ చదువరికి వినబడేలా 'ఎస్-హెచ్-ఐ', 'టి-ఎస్-యు' అని రాస్తుంది. 1937లో ప్రభుత్వం ఆదేశించి 1954లో మళ్లీ ఖాయం చేసిన కున్‌రే పద్ధతి జపాన్ అక్షరమాల వరుసను బట్టి 'ఎస్-ఐ', 'టి-యు' అని రాస్తుంది. అందుకే త్సుషిమా దీవి ఒకచోట 'తుసిమ'లా, షికోకు 'సికోకు'లా కనబడతాయి. ఆ 'త్సు' మనకు కష్టం కాదు, 'చాలు'లోని దంత్య చ-కారమే. పాస్‌పోర్టులు, రైల్వే బోర్డులు, మ్యాపులు చాలాకాలంగా హెప్‌బర్న్ వైపే ఉన్నాయి. 2025లో సాంస్కృతిక వ్యవహారాల మండలి అధికారిక పద్ధతినీ అటు మార్చాలని సిఫారసు చేసింది.

జపాన్‌లో ఎక్కువ నష్టం చేసేది దీర్ఘాచ్చు మీది గీత. 'ఓషిమా'లో మొదటి 'ఓ' దీర్ఘమైతే పెద్ద దీవి, హ్రస్వమైతే వేరే అక్షరం, వేరే అర్థం. గీత తీసేస్తే రెండూ కలిసిపోతాయి. కొందరు దీర్ఘాన్ని 'ఓ-హెచ్' అనీ, కొందరు 'ఓ-ఓ' అనీ రాస్తారు. అందులోనూ 'పెద్ద దీవి' అనే పేరు అమామీలో ఒకటి, ఇజులో ఒకటి, ఇంకా ఎన్నో చోట్ల ఉంది. ప్రాంతం పేరు జతచేయకుండా ఓషిమా అని రాయడం ఊరు చెప్పకుండా 'కొత్తపల్లి' అన్నట్టే.

దీవి అనే మాట కూడా ఒక్కటిగా ఉండదు. అదే అక్షరం 'షిమా' అవుతుంది, సమాసంలో కొన్నిసార్లు 'జిమా' అవుతుంది, చైనా నుంచి వచ్చిన పలుకుబడిలో 'తో' అవుతుంది. ఏది ఎప్పుడో చెప్పే కచ్చితమైన సూత్రం లేదు. హిరోషిమాలో 'షిమా', సకురజిమాలో 'జిమా'. 1945లో ఘోరయుద్ధం జరిగిన ఇవో జిమా విషయంలో ఇది అధికారికంగా తేల్చాల్సి వచ్చింది. యుద్ధానికి ముందు అక్కడ నివసించినవారు దాన్ని 'ఇఓ-తో' అనేవారు. నౌకాదళ అధికారుల వల్ల 'జిమా' రూపం వ్యాపించింది. 2007 జూన్ 18న జపాన్ సర్వే సంస్థ 'ఇఓ-తో'నే అధికారిక పేరుగా ప్రకటించింది. ఇంగ్లిష్ రూపంలోని 'వ' పాత జపనీస్ అక్షరక్రమంలోది. గంధకం అనే మాటను పూర్వం ఆ ధ్వనితో రాసేవారు. ఇంకో చిక్కు: కగోషిమా జిల్లాలో సరిగ్గా అవే అక్షరాలతో మరో దీవి ఉంది, దాన్ని ఇప్పటికీ 'ఇఓ-జిమా' అనే చదువుతారు. అసలు లిపి చూసినా సరిపోని సందర్భం ఇది. అక్షాంశాలే దిక్కు. యుద్ధం జరిగినది ఉత్తర అక్షాంశం 24.8 డిగ్రీల దగ్గర, కగోషిమా దీవి 30.8 దగ్గర.

కొరియాలో దీవికి 'దో' అంటారు, రాష్ట్రానికీ 'దో' అనే అంటారు, అక్షరాలు వేరు. కాబట్టి పాత ఇంగ్లిష్ కాగితాల్లో 'చెజు-దో' అంటే దీవో, రాష్ట్రమో సందర్భం చూసి తేల్చాలి. 'జెజుదో దీవి' అంటే 'దీవి దీవి' అయిపోతుంది. తెలుగులో 'జెజు దీవి' చాలు. కానీ కొరియా, జపాన్ రెండూ తమవనే రాతి దీవుల పేరు 'దోక్‌దో' వంటి వాటిలో మొదటి భాగం ఒక్క అక్షరమే, దాన్ని విడగొడితే పేరే మిగలదు, అక్కడ 'దో' ఉంచాల్సిందే.

స్పెల్లింగ్ భేదాన్నీ వేరే పేరునూ ఒకే గాటన కట్టకూడదు. దోక్‌దో, తోక్‌తో అన్నవి ఒకే కొరియన్ పేరుకు రెండు స్పెల్లింగులు. తకెషిమా అదే రాళ్లకు జపాన్ పెట్టుకున్న వేరే పేరు, పాశ్చాత్య మ్యాపుల్లో వాటికి కనబడే 'లియాంకూర్' 1849లో వాటిని చూసిన ఫ్రెంచి తిమింగలవేట ఓడ పేరు. పైగా షోగున్ల పాలన నడిచిన ఎడో కాలపు జపాన్ మ్యాపుల్లో 'తకెషిమా' అంటే పక్కనున్న ఉల్లుంగ్ దీవి. ఈనాటి తకెషిమాను అప్పుడు 'మత్సుషిమా' అనేవారు. ఈ సంగతి తెలియకుండా పాత మ్యాపు చదివితే దీవే మారిపోతుంది. అలాగే జెజుకు 'కెల్‌పార్ట్', తైవాన్ జలసంధిలోని పెంగ్‌హూ దీవులకు 'పెస్కదోరెస్', తైవాన్‌కు 'ఫర్మోజా' అన్నవి యూరోపియన్లు పెట్టిన పేర్లు. 1653లో జెజు తీరాన పగిలిన డచ్ ఓడలోని హెండ్రిక్ హామెల్ వృత్తాంతంలో కనబడేది కెల్‌పార్టే.

'ర్యూక్యూ' పేరు ఈ చిక్కులన్నిటికీ ఉదాహరణ. ఒకినావా దీవుల గొలుసుకు జపాన్ పలుకుబడి ర్యూక్యూ, చైనా పలుకుబడి లియుఛియు, 19వ శతాబ్దపు ఇంగ్లిష్ పుస్తకాల్లో లూచూ, ల్యూచ్యూ. అవే అక్షరాలున్న మరో చిన్న పగడపు దీవి తైవాన్‌లోని పింగ్‌తుంగ్ తీరాన ఉంది. డచ్ రికార్డుల్లో దాని పేరు లమెయ్. పిన్‌యిన్‌లో దొరికిన 'లియుఛియు' ఏ దీవో పక్కనున్న ఊళ్ల పేర్లే చెప్పాలి.

మరి ఒక తెలియని స్పెల్లింగ్ ఎదురైతే పని ఎలా మొదలుపెట్టాలి? ముందు అక్షరాల జంటలు చూడండి. 'హెచ్-ఎస్' ఉంటే వేడ్-జైల్స్. 'ఎక్స్', 'క్యు', 'జెడ్-హెచ్' ఉంటే పిన్‌యిన్ (పాత పోర్చుగీసు రూపాల్లోని 'క్యు-యు' మినహాయింపు). 'జె-హెచ్', 'ఎస్-వై' ఉన్న తైవాన్ పేరైతే తొంగ్‌యొంగ్. 'ఇ-ఓ', 'ఇ-యు' ఉంటే కొరియా కొత్త పద్ధతి, లేదా 1959-84 నాటి విద్యాశాఖ పద్ధతి. జపాన్ పేరులో 'ఎస్-ఐ', 'టి-యు', 'హెచ్-యు' ఉంటే కున్‌రే. తర్వాత దీవి, రేవు, కొండ వంటి మాటను పేరు నుంచి విడదీయండి. ఆపై స్థానిక లిపిలోని పేరు పట్టుకోండి, చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. చివరగా అక్షాంశ రేఖాంశాలతో సరిచూసుకోండి. ఈ నాలుగూ అయ్యాకే అన్ని స్పెల్లింగులతో వెతకడం మొదలుపెట్టాలి, లేకపోతే వేరే దీవి సమాచారం కలిసిపోతుంది.

కంప్యూటర్ కూడా మోసం చేస్తుంది. మెక్‌క్యూన్ నెలవంకకు బదులు దాన్ని పోలిన కోణపు గుర్తు టైపు చేసేవాళ్లు ఎక్కువ. కంటికి ఒకటే, యంత్రానికి వేరు. అపాస్ట్రఫీ నిటారుగా ఉన్నది, వంపు తిరిగినది, అటు తిరిగినది అని మూడు రకాలు. గీత ఉన్న 'ఓ'ను ఒకే గుర్తుగానూ, అక్షరం ప్లస్ గీతగానూ నిల్వ చేయొచ్చు. సాధారణ సెర్చ్ ఇంజిన్లు వీటిని సర్దుకుంటాయి కానీ కేటలాగులు, స్ప్రెడ్‌షీట్లు సర్దుకోవు. జాబితా తయారుచేసేవారు గుర్తులున్న రూపం ఒక గడిలో, గుర్తులు తీసేసిన రూపం పక్క గడిలో పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

తెలుగులో రాసేటప్పుడు మనకున్న వీలు రోమన్ లిపికి లేదు. ఒత్తక్షరాలున్నాయి, హ్రస్వ దీర్ఘాలు ఎ-ఏ, ఒ-ఓ వేర్వేరుగా ఉన్నాయి. కాబట్టి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను కాదు, స్థానిక ఉచ్చారణను విని రాయాలి. చైనా తీరంలోని పెద్ద దీవుల గుంపు పిన్‌యిన్‌లో 'జెడ్-హెచ్'తో మొదలవుతుంది కదా అని 'జౌషాన్' అనక్కర్లేదు, 'చౌషాన్' అసలు పలుకుబడికి దగ్గర. పాత ఇంగ్లిష్ రాతల్లోని చుసాన్ కూడా ఇదే. బీజింగ్ వంటి పాతుకుపోయిన రూపాలను కదపొద్దు. షియామెన్ పక్కనున్న చిన్న దీవి పిన్‌యిన్‌లో గులాంగ్‌యూ అయినా యునెస్కో 2017లో హొక్కియెన్ రూపమైన 'కూలాంగ్సు' పేరుతోనే వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటి చోట రెండు రూపాలూ మొదటి ప్రస్తావనలో ఇచ్చి, తర్వాత ఒకదానికే కట్టుబడాలి. 1958 నాటి వార్తను అనువదిస్తుంటే 'కెమోయ్' అని ఉంచి, నేటి పేరు కిన్‌మెన్ అని ఒక్కసారి చెబితే, చదివేవారు పాత పత్రికనూ కొత్త మ్యాపునూ రెండింటినీ తెరవగలుగుతారు.